అంగుళానికి ఆరడుగులు

ఆరడుగుల మనిషిని అంగుళం ఎత్తుకు కుదిస్తే డెబ్బై రెండో వంతు అవుతాడు. బొమ్మ విమానాల పెట్టెల మీద 1:72 అని కనిపించే అంకె వెనక ఉన్న లెక్క ఇంతే. అడుగులు, అంగుళాలతో పెరిగిన ఇంగ్లీషువాళ్ళు దాన్ని నోటిలెక్కగా కట్టేసుకునేవారు. 1930ల తొలినాళ్ళలో జేమ్స్ హే స్టీవెన్స్ ‘స్కైబర్డ్స్’ అనే చెక్క కిట్ల కోసం ఈ కొలతను ఎంచుకున్నాడు. పెట్టెలో ఓ మాదిరిగా చెక్కిన కర్ర ముక్కలు, లోహంతో పోతపోసిన చిన్నా చితకా భాగాలు ఉండేవి. మిగతా పనంతా కొన్నవాడి బ్లేడుది, ఉప్పుకాగితానిది. తర్వాత ప్లాస్టిక్ వచ్చింది, మీటర్లూ సెంటీమీటర్లూ వచ్చాయి, జపాన్, చెక్ కంపెనీలు రంగంలోకి దిగాయి. 72 మాత్రం కదల్లేదు.

నిజానికి వయసులో అసలు విమానం కన్నా బొమ్మ విమానమే పెద్దది. ఫ్రాన్స్‌లో ఆల్ఫోన్స్ పెనో మెలితిప్పిన రబ్బరుతో నడిచే నమూనాను 1871లోనే పారిస్ తోటలో ఎగరేసి చూపించాడు. అతను రూపొందించిన పద్ధతిలోనే చేసిన ఎగిరే బొమ్మ ఒకటి 1878లో అమెరికాలో ఇద్దరు అన్నదమ్ములకు వాళ్ళ నాన్న తెచ్చిచ్చాడు. వాళ్ళే రైట్ సోదరులు.

ఒకదాని మీద ఒకటిగా రెండు రెక్కలున్న బైప్లేన్‌కు ఆ రూపం వంతెనల నుంచి వచ్చింది. ఆక్టేవ్ షానూట్ వృత్తిరీత్యా రైలు మార్గాలు, వంతెనలు కట్టిన ఇంజనీరు. 1896లో మిచిగన్ సరస్సు ఒడ్డున ఇసుక దిబ్బల మీద ఎగరేసిన గ్లైడరు కోసం ఆయన రెండు రెక్కల నడుమ గుంజలు నిలబెట్టి, గుంజకూ గుంజకూ మధ్య తీగలను ఏటవాలుగా లాగి కట్టించాడు. రైలు వంతెనల్లో వాడే ప్రాట్ ట్రస్ అదే. అప్పట్లో దొరికే తేలిక కర్రతో, గుడ్డతో ఒంటి రెక్కకు అంత గట్టితనం రాదు. అందుకే రైట్ సోదరులూ దాన్నే అందుకున్నారు, 1914లో యుద్ధం మొదలయ్యాక ఇరుపక్షాల విమానాలూ ఎక్కువగా ఆ దారినే నడిచాయి.

బొమ్మ చేసేవాడి కష్టాలన్నీ ఆ తీగల్లోనే ఉన్నాయి.

ప్లాస్టిక్ కిట్ల చరిత్ర కూడా బైప్లేన్లతోనే మొదలవడం నాకు సరదాగా అనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో ‘ఫ్రాగ్’ పేరుతో ఎగిరే బొమ్మలు అమ్మే కంపెనీ 1936 చివర్లో ఎగరని కిట్లు తెచ్చింది. ఎగరని పక్షి కదా అని వాటికి ‘పెంగ్విన్’ అని పేరు పెట్టారు. సెల్యులోజ్ ఎసిటేట్‌తో అచ్చుపోసిన ఆ తొలి కిట్లలో గ్లోస్టర్ గ్లాడియేటర్, హాకర్ ఫ్యూరీ ఉన్నాయి. రెండూ బైప్లేన్లే. స్కేలు మళ్ళీ 72. ఆ ఎసిటేట్ ఏళ్ళు గడిచేకొద్దీ వంకర్లు తిరిగిపోతుంది. అందుకే ఆనాటి పెంగ్విన్లు తిన్నగా మిగిలినవి దొరికితే సేకరించేవాళ్ళకు పండగ.

రెండో ప్రపంచ యుద్ధం ఈ ఆటను కాస్తా సర్కారీ పనిగా మార్చింది. 1942లో అమెరికా నౌకాదళం ఐదు లక్షల చెక్క నమూనాలు చేసిపెట్టమని బడిపిల్లలను కోరింది. మన విమానమేదో శత్రువుదేదో సైనికులకు చూపు తిరగాలి. 1:72 నమూనాను 35 అడుగుల దూరంలో పెడితే అసలు విమానం సుమారు అర మైలు దూరాన ఉన్నట్టే కనిపిస్తుంది.

యుద్ధం ముగిశాక పాలీస్టైరీన్ చవకైంది. హంగరీ నుంచి వచ్చి లండన్‌లో స్థిరపడ్డ నికోలస్ కోవ్ 1939లో పెట్టిన ఎయిర్‌ఫిక్స్, 1952లో ఓడ కిట్టును వూల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మి దారి కనిపెట్టింది. 1950లు ముగిసేలోపే సోప్‌విత్ కామెల్ లాంటి మొదటి ప్రపంచ యుద్ధ విమానాలు పిల్లల జేబు డబ్బులకు అందాయి. అమెరికాలో అరోరా కంపెనీ అవే యోధులను 1:48లో పోసింది. వాటిలో తీగలుండేవి కావు. కట్టాలనుకున్నవాళ్ళు ముక్కలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ పుల్లను కొవ్వొత్తి మీద వేడిచేసి, మెత్తబడగానే రెండు చేతులా లాగేవాళ్ళు. వెంట్రుకంత సన్నటి పోగు వచ్చేది. దాన్ని కొలిచి, కోసి, జిగురు చుక్కతో అంటించాలి. ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది.

తీగల్లో రెండు జాతులున్నాయి. గాల్లో ఉండగా రెక్కలు పైకి వంగిపోకుండా పట్టి ఉంచేవి ఒకటి. నేల మీద నిలిచినప్పుడు రెక్కల బరువు కిందికి వాలకుండా మోసేవి రెండోది. ఈ తేడా తెలియనివాడు కట్టిన నమూనాను తెలిసినవాడు గది అవతలి నుంచే పట్టేస్తాడు. ఇప్పుడు కొవ్వొత్తి పోయి సాగే దారం, చేపల గాలానికి వాడే నైలాన్ తీగ వచ్చాయి. రెక్కలు అతికించకముందే సూదంత బరమాతో చిల్లులు వేసుకోవాలి, రంగులూ ముందే వేసేయాలి. పై రెక్క కూర్చున్నాక చెయ్యి దూరే సందు ఉండదు. బిగింపు నులక మంచంతో సమానం: ఒక మూల ఎక్కువ లాగితే ఎదుటి మూల లేస్తుంది.

తీగలకైనా ఒక తర్కం ఉంది. రంగులది అంతకన్నా పెద్ద తగువు. ఆనాటి ఫొటోలు నలుపు తెలుపువి, అందులోనూ చాలావరకు ఆర్థోక్రొమాటిక్ ఫిల్ము మీద తీసినవి. ఆ ఫిల్ముకు ఎరుపు కనిపించదు, నల్లగా పడుతుంది. పసుపు ముదురుగా, నీలం తెల్లగా వస్తాయి. ఫొటో చూసి నల్ల విమానం అనుకున్నది ఎర్రదై ఉండొచ్చు. బ్రిటిష్ విమానాల పైభాగాలకు పూసిన పీసీ10 అనే రంగు పచ్చనిదా గోధుమదా అని దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. ఓకర్‌లో నల్ల రంగు కలిపి చేసింది కాబట్టి పాళ్ళను బట్టి, ఎండావానలను బట్టి రెండూ నిజమే కావచ్చని నా పక్షం. జర్మన్లు 1917 నుంచి రంగురంగుల పలకలు ముందే అచ్చేసిన గుడ్డను రెక్కలకు చుట్టారు. దాన్ని కుంచెతో వేయబోయినవాళ్ళ మీద నాకు గౌరవమే గానీ, డెకాల్ షీట్లు వచ్చాక ఆ సాహసం అక్కర్లేదు.

ఇలాంటి తగువుల్లో కాగితాలు తేల్చలేని విషయాన్ని ఒక్కోసారి మిగిలిన విమానమే తేలుస్తుంది. అలా మిగిలినవాటిలో ఒకటి మన హైదరాబాదు పేరు మోస్తోంది. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో బ్రిటిష్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్9ఏ బాంబర్లు సమకూరాయి. ‘హైదరాబాద్ స్క్వాడ్రన్’ అన్న పేరు అలా వచ్చిందే. విమానాల మీద నిజాం కానుక అని, హైదరాబాద్ ఫలానా నెంబరు అని రాశారు. ఫ్రాన్స్ నుంచి జర్మన్ పట్టణాల మీదికి వెళ్ళిన ఈ దళం రెండు నెలలు కూడా నిండని పోరులో 17 విమానాలను శత్రువుకు పోగొట్టుకుంది. ప్రమాదాల్లో పోయినవి అంతకన్నా ఎక్కువ. అక్టోబర్ 5న జర్మన్ల చేతికి చిక్కిన ఎఫ్1010, అంటే ‘హైదరాబాద్ నెం. 12ఏ’, బెర్లిన్ మ్యూజియం చేరింది. రెండో యుద్ధంలో అక్కడి నుంచి పోలండ్‌కు తరలింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్‌ను బదులిచ్చి ఇంగ్లండ్ దాన్ని తెచ్చుకుంది. ఇప్పుడు లండన్‌లోని హెండన్ మ్యూజియంలో ఉంది. దాని రెక్కల వెడల్పు 14 మీటర్లు. 1:72లో కడితే ఇరవై సెంటీమీటర్లకు కాస్త తక్కువ. ఆ కొలతలో నిజాం పేరు చదవాలంటే భూతద్దం కావాలి.

1:32లో అయితే అదే రెక్క సుమారు 44 సెంటీమీటర్లు. ఆ స్కేలులో మొదటి ప్రపంచ యుద్ధ విమానాలే పనిగా 2009లో న్యూజిలాండ్‌లో వింగ్‌నట్ వింగ్స్ మొదలైంది. దాని వెనక ఉన్నది ‘లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ సినిమాల దర్శకుడు పీటర్ జాక్సన్. ఆయనకు ఆ విమానాలంటే పిచ్చి. సూచనల పుస్తకాల్లో ఆనాటి ఫొటోలు, తీగల పటాలు, ఏ దారం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రంగుల్లో గీసిన బొమ్మలు ఉండేవి. డీహెచ్9ఏ కూడా వచ్చింది. వ్యాపారంగా చూస్తే అది అన్నాళ్ళు నడవడమే విశేషం. 2020లో మూతపడింది. కొన్ని అచ్చులు వేరే కంపెనీల చేతికి వెళ్ళాయి, మిగతా కిట్లకు పాతసరుకు బజారులో అసలు ధరకు కొన్ని రెట్లు పలుకుతోంది. తీగలు కట్టే ధైర్యం చాలక పెట్టెను అటకెక్కించినవాళ్ళకు ఇప్పుడు, తెరిస్తే విలువ పడిపోతుందన్న సాకు కూడా దొరికింది.