రాధానాథ్ సిక్దార్: శిఖరమూ, కూలీల మూటలూ

యెవరెస్టు శిఖరం ఎత్తు లెక్కగట్టిన బెంగాలీ అని రాధానాథ్ సిక్దార్‌ను ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయడం మనకు అలవాటయింది. ఆ వాక్యం మనిషిని మింగేసిందని నా అభిప్రాయం.

భూమి ఆకారాన్ని కొలిచే శాస్త్రం మన దేశంలో కంపెనీ సైన్యం నీడన పెరిగింది. 1802లో లాంబ్టన్ మద్రాసు దగ్గర ఆరంభించిన త్రికోణమితి సర్వే మన ప్రాంతాల్లోనూ సాగింది. కృష్ణా గోదావరుల నడుమ అడవుల్లో కొలతలు తీస్తూనే జార్జి ఎవరెస్టు జ్వరాన పడ్డాడు. పాలకులకు శిస్తు కోసం, దండయాత్రల కోసం పటాలు కావాలి. ఆ అవసరం తీర్చేందుకు చవకగా దొరికే దేశీయ మేధస్సు కూడా కావాలి.

1813లో కలకత్తా జొరాసాంకోలో పుట్టిన రాధానాథ్, హిందూ కళాశాలలో డెరోజియో ప్రభావంలో పెరిగిన యువకుల్లో ఒకడు. 1831లో నెలకు 30 రూపాయల జీతం మీద సర్వేలో గణకుడిగా చేరాడు. (అప్పట్లో 'కంప్యూటర్' అంటే యంత్రం కాదు, జీతానికి లెక్కలు చేసే మనిషి!) అతడు డిప్యూటీ కలెక్టరు కొలువుకు పోదామనుకుంటే ఎవరెస్టే అడ్డుపడ్డాడు. ఆ మెప్పులో ఎంత గౌరవముందో, ఎంత యజమానితనముందో పాఠకులే తేల్చుకోవాలి.

1843లో డెహ్రాడూన్‌లో జరిగిన సంగతి శిఖరం కథకన్నా ముఖ్యమని నేననుకుంటాను. మేజిస్ట్రేటు వాన్సిటార్టు తన సామాను మోయించడానికి సర్వే శాఖ కూలీలను వెట్టికి పట్టాడు. రాధానాథ్ ఆ మూటలను ఆపేసి, దొరే వచ్చి మాట్లాడాలన్నాడు. కేసు నడిచింది, రాధానాథ్‌కు 200 రూపాయల జరిమానా పడింది. కలకత్తాలో 'బెంగాల్ స్పెక్టేటర్' యీ ఉదంతాన్ని ప్రచురించింది. వెట్టి చేయించినవాడు మేజిస్ట్రేటు, వద్దన్నవాడు ముద్దాయి!

ఇక శిఖరం. నేపాలు సర్వేవారిని రానివ్వలేదు. అందువల్ల వందమైళ్ల పైచిలుకు దూరాన, మైదానంలోని ఆరు చోట్ల నుంచి కోణాలు కొలిచారు. అంతదూరం గాలిలో వచ్చే కాంతి వంగుతుంది. ఆ వంపును లెక్కలోంచి తీసివేయడమే అసలు చిక్కు. 1856లో సర్వేయర్ జనరల్ వా 29,002 అడుగులని ప్రకటించాడు. 2020లో తేల్చిన 8848.86 మీటర్లతో పోల్చితే తేడా 9 మీటర్లే. రాధానాథ్ అధికారి గదిలోకి పరుగెత్తి "కనిపెట్టాను" అని అరిచాడనే కథను నేను నమ్మను. ఆ లెక్కల్లో పలువురి చేతులున్నాయి. ప్రధాన గణకుడు ఆయన. పేరు మాత్రం 1843లోనే ఉద్యోగం విరమించి వెళ్ళిపోయిన ఎవరెస్టుకు దక్కింది.

1852 నుంచి కలకత్తా వాతావరణ పరిశీలనాలయం కూడా ఆయన చేతికే వచ్చింది. వేడికి పాదరసం వ్యాకోచిస్తే భారమితి పాఠం తప్పుతుంది. దాన్ని సరిదిద్దే సూత్రాన్ని తానే రూపొందించుకున్నాడు. 1854లో ప్యారీచాంద్ మిత్రాతో కలిసి స్త్రీలకోసం, వాళ్ళకు అర్థమయ్యే భాషలో 'మాసిక్ పత్రిక' నడిపాడు.

1851లో వెలువడిన సర్వే గ్రంథంలో శాస్త్రభాగాలకు ఆయన సహాయాన్ని పీఠికలో ఒప్పుకున్నారు. 1870లో ఆయన చందన్‌నగర్‌లో చనిపోయాడు. 1875 నాటి మూడో ముద్రణ పీఠికలో ఆయన పేరు లేదు. ఆయన రాసిన భాగాలు మాత్రం వున్నాయి. ఇది చచ్చినవాడిని దోచుకోవడమేనని 'ఫ్రెండ్ ఆఫ్ ఇండియా' అనే ఇంగ్లీషువారి పత్రికే రాసింది.