బిడ్డ చూపు ఎంత మేర?

మన షంషాబాదుకు ఆ పేరు పైగా వంశపు షమ్సుల్ ఉమరా మీదుగా వచ్చిందని పెద్దలు చెబుతారు. ఆ బిరుదు ధరించిన నవాబు ఫక్రుద్దీన్ ఖాన్ 19వ శతాబ్దంలో విజ్ఞాన గ్రంథాలను ఉర్దూలోకి తర్జుమా చేయించి, సొంత ప్రెస్సులో అచ్చు వేయించాడు. "సిత్తా షమ్సియా" అనే ఆ ఆరు పుస్తకాలలో ఒకటి వెలుగును, చూపును గురించినదే.

అంతకు ఎనిమిది వందల ఏండ్ల ముందు, బస్రాలో పుట్టిన ఇబ్నుల్ హైసమ్ తన "కితాబుల్ మనాజిర్"లో వస్తువుల నుండి వెలుగు కంట్లోకి రావడం వల్లనే మనం చూడగలుగుతున్నామని వివరించాడు.

అయితే, ఎదుట ఉన్న అక్షరం కనబడినంత మాత్రాన చూపు బాగున్నట్టు కాదు. కన్ను కదపకుండా చెవి వైపుకు సుమారు 90 నుండి 100 డిగ్రీలు, ముక్కు వైపుకు, పైకి 60, కిందికి 70 దాకా కనబడాలి. ఈ మేరనే దృష్టి క్షేత్రం అంటారు. దీనిని రోగులలో కొలిచి జబ్బు గుర్తించే పద్ధతిని 1856లో బెర్లిన్ డాక్టరు ఫాన్ గ్రేఫే వాడుకలోకి తెచ్చాడు. 1945లో స్విట్జర్లాండు డాక్టరు గోల్డ్‌మన్ గిన్నె ఆకారపు యంత్రం తయారుచేశాడు. అందులో వెలుగు చుక్క కనబడగానే రోగి చెప్పాలి. మరి మాటలు రాని పసిబిడ్డ ఏం చెబుతుంది?

ఈ చిక్కుకు మన హైదరాబాదులోనే ఒక దారి దొరికింది. 1987లో డాక్టర్ గుళ్ళపల్లి నాగేశ్వరరావు స్థాపించిన ఎల్.వి. ప్రసాద్ నేత్ర సంస్థలో ప్రేమ్‌నందిని సత్గుణం, సహచరులు కలిసి పిల్లల కోసం ఒక పరికరం తయారుచేసి, 2017లో వివరాలు ప్రచురించారు. బిడ్డను చీకటి గదిలో గుమ్మటం వంటి గుల్ల కింద వెల్లకిలా పడుకోబెడతారు. గుల్ల లోపల చిన్న చిన్న దీపాలు ఒక్కోవైపు వెలుగుతాయి. బిడ్డ కన్నో, తలో అటు తిరిగిందా, ఎంతసేపటికి తిరిగింది అన్నది చీకట్లో చూడగల కెమెరా పట్టుకుంటుంది. బిడ్డ నోరు విప్పనక్కర లేదు.

ఇదంతా మనకెందుకంటారా? పుట్టుకతో వచ్చే నీటికాసులు, అంటే కాలా మోతియా, ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 జననాలకు ఒకటి ఉన్నట్టు 1990లలో అంచనా వేశారు. దగ్గరి చుట్టరికపు పెండ్లిళ్ళు ఉన్న కుటుంబాలలో ఈ భయం ఎక్కువ. కాన్పు సమయంలో మెదడుకు దెబ్బ తగిలినా చూపు మేర తగ్గవచ్చు. అటువంటి పిల్లవాడు గడప తట్టుకొని పడితే "కండ్లు లేవా?" అని కసురుతాం. పాపం, వాడికి ఆ పక్క నిజంగానే కనబడదు!

తల్లులారా, బిడ్డ మీ ముఖం చూస్తున్నప్పుడు, చప్పుడు చేయని బొమ్మను ఇంకొకరు వెనుక నుండి పక్కకు మెల్లగా తెచ్చి చూపండి. రెండు పక్కలా ఒకే తీరుగా తిరుగుతున్నదా గమనించండి. అనుమానం వస్తే, నల్లగుడ్డు పెద్దగానో మబ్బుగానో ఉంటే, వెలుగుకు కండ్లు మూసుకొని నీళ్ళు కారుతుంటే, ఆలస్యం చేయక కంటి డాక్టరుకు చూపండి. ఇంటి పరీక్షలో బాగానే ఉన్నదని ఊరుకోవద్దు. నీటికాసుల వల్ల పోయిన చూపు తిరిగి రాదు; ఉన్నది కాపాడుకోవచ్చు.

2008 నుండి మన ఊరి మీదుగా విమానాలు ఎగురుతున్నాయి. మన బిడ్డలందరూ వాటిని ఈ కొస నుండి ఆ కొస దాకా చూడాలని కోరుకుందాం.