సమ్మక్క పుట్టింటి కథ మన గడ్డదే

మందమర్రి: సింగరేణి బస్తీల్లోనూ గద్దెలు కట్టి కొలిచే వీరవనిత సమ్మక్క కథకు మూలం పూర్వపు కరీంనగర్ జిల్లాలోనే ఉంది.

జగిత్యాల సమీపంలోని పొలవాస (నేటి పొలాస) పాలకుడు మేడరాజు ఇంట ఆమె పెరిగిందనీ, మేడారం కోయదొర పగిడిద్దరాజును వివాహమాడిందనీ ఐతిహ్యం. సారలమ్మ, నాగులమ్మ, జంపన్న వారి సంతానం. కరవుకాలంలో కప్పం చెల్లించలేదన్న ఆగ్రహంతో కాకతీయ ప్రతాపరుద్రుడు సేనను పంపగా భర్త, కుమార్తెలు, అల్లుడు గోవిందరాజు యుద్ధంలో నేలకొరిగారు. ఓటమి భరించలేక జంపన్న దూకిన సంపెంగవాగే జంపన్నవాగయింది. గాయపడిన సమ్మక్క చిలకలగుట్ట వైపు సాగి అదృశ్యమైందనీ, అక్కడ కుంకుమభరిణె లభించిందనీ చెబుతారు. అందుకే మేడారంలో విగ్రహం లేదు. కోయ పూజారులు గుట్ట నుంచి భరిణెను తెచ్చి గద్దెపై నిలుపుతారు.

అయితే శాసనం మరోమాట చెబుతోంది. పొలవాస మేడరాజును జయించినట్లు 1163 నాటి హనుమకొండ వేయిస్తంభాల గుడి శాసనంలో చెప్పుకున్నది రుద్రదేవుడు. ప్రతాపరుద్రుని పాలన 1289-1323 మధ్యది. అంతరం నూరేళ్లకు పైమాటే. రెండు దాడుల జ్ఞాపకాలు జనం నోట ఒకే కథగా కలిసిపోయి ఉండవచ్చు. పొలాసలో ఈ దిశగా పరిశోధన జరగవలసి ఉంది.

రెండేళ్లకోసారి మాఘమాసంలో జరిగే మేడారం జాతరను 1996లో రాష్ట్ర పండుగగా ప్రకటించారు. భక్తులు ‘బంగారం’గా పిలిచే బెల్లాన్ని అమ్మవారికి సమర్పిస్తారు.