రాయవేలూరు దారి

చిత్తూరు వైపు మతి చెడిన పిల్లలకు వైద్యం ఎలా మారుతూ వచ్చిందని అడిగితే చదువుకున్నవాళ్లు సాధారణంగా ఒకటే కథ చెబుతారు. మొదట గాలి, దెయ్యం, తాయెత్తు. తర్వాత డాక్టరు, మాత్ర. ఈ కథ సగమే నిజం. ఇక్కడ నేను మాట్లాడేది ముఖ్యంగా స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బు గురించి, అది ఎక్కువగా ఇరవైకి అటూ ఇటూ వయసులో బయటపడుతుంది. నిన్నమొన్నటిదాకా పరీక్షలకు చదువుకున్న పిల్లవాడు గది మూలన కూర్చుని కనబడని వాళ్లకు జవాబులిస్తుంటాడు, అన్నంలో ఏదో కలిపారని కంచం తోసేస్తాడు. అలాంటి బిడ్డను గుడికి తీసుకుపోయినప్పుడు ఇంటివాళ్లలో ఒకరు అక్కడే ఉండిపోవడం ఈ సీమ ఆచారం. ఇక్కడికి దగ్గరలో వచ్చిన ఆధునిక వైద్యం ఆ ఆచారాన్ని తోసెయ్యలేదు, తనలో కలుపుకుంది. ఈ చరిత్రలో మనం పట్టించుకోవలసిన ముక్క అదేనని నా వాదన.

చిత్తూరు సరిహద్దు దాటితే షోళింగర్ వస్తుంది. మనవాళ్లు ఘటికాచలం అంటారు. పెద్ద కొండ మీద యోగ నరసింహుడు, చిన్న కొండ మీద యోగాంజనేయుడు. పెద్ద కొండకు పదమూడు వందల దాకా మెట్లు. గాలి సోకినవాళ్లు, మతి చలించినవాళ్లు తక్కాన్ కుళం అనే కోనేట్లో మునిగి, తడిబట్టలతో మెట్లెక్కి, దేవుడి ముందు పడుకుంటే బాగవుతారని నమ్మకం. కార్తీకంలో నరసింహుడు కళ్లు తెరుస్తాడంటారు, అప్పుడు జనం మరీ ఎక్కువ. నమ్మకాన్ని కాసేపు పక్కనబెట్టి జరిగే పని చూడండి. అన్ని మెట్లు ఆ పిల్లవాడు ఒక్కడే ఎక్కడు. తల్లో, మేనమామో చెయ్యి పట్టుకుని ఎక్కించాలి, కోనేటిలో ముంచాలి, రాత్రి పక్కన పడుకోవాలి.  

తెల్లదొరల పద్ధతి దీనికి పూర్తిగా ఎదురు. చిత్తూరు 1953 దాకా మద్రాసు రాష్ట్రంలో భాగం, మద్రాసు పిచ్చాసుపత్రి 1871 నుంచి కీల్పాక్‌లో ఉండేది. 1912 నాటి లూనసీ చట్టం కింద రోగిని చేర్పించే ముఖ్యమైన దారి మేజిస్ట్రేటు ఉత్తర్వు. వీధుల్లో తిరిగేవాణ్ణి పోలీసులు పట్టి తెచ్చేవారు. గోడ లోపల రోగి, గోడ బయట ఇల్లు. ఇక్కడ కోర్టు చేసిన పని చూస్తే, జబ్బుపడ్డ పిల్లవాడూ ఖైదీ ఒకే వరసలో నిలబడ్డారనిపిస్తుంది.

మార్పు మద్రాసు నుంచి రాలేదు, వేలూరు నుంచి వచ్చింది. చిత్తూరు జనానికి రాయవేలూరు పరాయి ఊరు కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా రెండూ ఉత్తర ఆర్కాటు జిల్లాలోవే. జిల్లా కచేరీ కూడా చిత్తూరులోనే ఉండేది. అందుకే ఏ పెద్ద జబ్బు చేసినా ‘వేలూరికి తీసుకుపోండి’ అనే మాట ఇప్పటికీ వినిపిస్తుంది. 1957లో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) వాళ్లు బాగాయంలో మానసిక వైద్య కేంద్రం పెట్టారు. మొదలుపెట్టింది కెనడా డాక్టరు ఫ్లోరెన్స్ నికోల్స్. రోగితోపాటు ఇంటివాళ్లు ఒకరు ఉండి తీరాలన్నది అక్కడి ఏర్పాటు. ఆ దశాబ్దంలోనే అమృత్‌సర్‌లో డాక్టరు విద్యాసాగర్ ఆస్పత్రి ఆవరణలో గుడారాలు వేయించి రోగుల కుటుంబాలను అక్కడే ఉంచారు. అమెరికాలో అప్పుడు గాలి వేరే వైపు వీస్తోంది. స్కిజోఫ్రీనియాకు తల్లి పెంపకమే కారణమని 1948 నుంచి పుస్తకాలకెక్కింది. అక్కడ తల్లిని ముద్దాయిని చేస్తున్న రోజుల్లో ఇక్కడ ఆమెకు వార్డులో చోటిచ్చారు. వేలూరు డాక్టర్లు గుడిని చూసి నేర్చుకున్నారని నేననను. కానీ ఇంటివాళ్లు రోగిని వదలని దేశంలో పనిచేస్తున్నామని వాళ్లకు తెలుసు, ఆ బలాన్ని వాడుకున్నారు.

ఈ వాదనకు పెద్ద అభ్యంతరం తమిళనాడులోని ఏర్వాడి. 2001 ఆగస్టు 6న ఆ దర్గా ఊళ్లో ఒక ప్రైవేటు ఆశ్రమం తగలబడి, గొలుసులతో కట్టేసిన 28 మంది మాడిపోయారు. మరి మొక్కుబడి స్థలాలను ఎలా మెచ్చుకుంటారు? మెచ్చుకోవడం లేదు. కానీ అక్కడ చనిపోయినవాళ్లు ఇంటివాళ్లు వదిలి వెళ్లినవాళ్లు. మనిషి ఉండవలసిన చోట గొలుసు వచ్చింది. తోడున్న చోటు సంగతి వేరు. 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో బెంగళూరు నిమ్హాన్స్ మానసిక వైద్య సంస్థ పరిశోధకులు తమిళనాడులోని ఒక గుడిలో 31 మంది రోగులను పరిశీలించారు. చాలామంది వెంట ఇంటివాళ్లున్నారు. ప్రత్యేకమైన వైద్యమేమీ లేకున్నా, బెదిరింపులు లేని ఆ వాతావరణంలో జబ్బు లక్షణాలు సుమారు 20 శాతం తగ్గాయి. పోల్చి చూడటానికి మరో గుంపు లేదు, మనుషులూ కొద్దిమందే. కాబట్టి దీన్ని పట్టుకుని మాత్రలు మానమనడం పాపం. తోడుకు విలువ ఉందని చెప్పడానికి మాత్రం ఇది చాలు.

రెండో అభ్యంతరం బరువైనది. తోడుండేది ఎవరు? ఎక్కువ ఇళ్లలో తల్లో, అక్కో. కూలికి పోయే తల్లి నెల రోజులు వార్డులో కూర్చుంటే పొయ్యి వెలగదు. ఆచారాన్ని పొగిడేవాళ్లు ఈ ఖర్చు లెక్కలో వెయ్యరు. 2017 మానసిక ఆరోగ్య చట్టం కూడా వెయ్యలేదు. పద్దెనిమిదేళ్లలోపు బిడ్డను చేర్చుకుంటే ఆ బిడ్డ తరఫు ప్రతినిధో, ఆయన పంపిన మనిషో చేర్చుకున్నన్నాళ్లూ వెంట ఉండాలని 87వ సెక్షన్ చెబుతోంది. ఆడపిల్ల అయి, ప్రతినిధి మగవాడైతే ఆడమనిషే ఉండాలి. పెద్దల వార్డులో కాకుండా పిల్లలకు వేరే చోటివ్వాలి కూడా. కొండమెట్ల మీది ఆచారం ఇలా చట్టమయింది, కానీ ఆ తోడుకు కూలి ఎవరిస్తారో అందులో లేదు. తిరుపతి, చిత్తూరు సర్కారు ఆస్పత్రుల్లో పిల్లవాడి మంచం పక్కన ఇంకో మంచం, ఆ మంచం మీద పడుకునే మనిషికి రోజుకూలి ఇవ్వడం ప్రభుత్వం చెయ్యవలసిన పని. అడగవలసింది మనం.