రూపాయికి ఎనిమిది పైసలు

వేలూరు జైలు, 1908. కాళ్లకు గొలుసులు, ఒంటిమీద చేతుల్లేని చొక్కా, తినడానికి మట్టి చిప్ప. కొత్తగా వచ్చిన ఈ ఖైదీ మద్రాసులో ఎం.ఏ. చదివినవాడు. చుట్టూ కన్నాలు వేసినవాళ్లు, తలలు పగలగొట్టినవాళ్లు. ఏం చేసి వచ్చావని ఎవరైనా అడిగితే పత్రికలో వ్యాసం వేశానని చెప్పుకోవాలి. నమ్మేదెవరు?

చేసింది మాత్రం అదే. తిరునల్వేలిలో జనం మీద పోలీసులు జరిపిన కాల్పుల గురించి ప్రభుత్వాన్ని దుయ్యబడుతూ ‘స్వరాజ్య’ పత్రికలో ఒక వ్యాసం వచ్చింది. బెజవాడ నుంచి వెలువడే ఆ పత్రికకు సంపాదకుడు గాడిచర్ల హరిసర్వోత్తమరావు. రాజద్రోహం కింద మూడేళ్ల కఠిన శిక్ష పడింది. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు, అటూ ఇటూగా. పుట్టింది కర్నూలులో. ఉమ్మడి ప్రకాశం జిల్లాకు పడమటి వైపున్న మా మార్కాపురం, కంభం, గిద్దలూరు అప్పట్లో కర్నూలు జిల్లాలోవే కాబట్టి మా జిల్లా మనిషి అనుకోవచ్చు.

అంతకు ముందు ఏడాదే ఆయన ప్రభుత్వం కంట్లో పడ్డారు. 1907లో జాతీయవాద నాయకుడు బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి వచ్చినప్పుడు విద్యార్థులు వందేమాతరం బ్యాడ్జీలు పెట్టుకున్నారు. ఆ గొడవలో, అక్కడే ఉపాధ్యాయ శిక్షణలో ఉన్న గాడిచర్లకు కాలేజీ తలుపులు మూసుకుపోయాయి, సర్కారీ కొలువు ఆశా పోయింది. లేకపోతే ఏ హైస్కూల్లోనో హెడ్మాస్టరుగా రిటైరయ్యేవారేమో.

జైల్లో తోటి ఖైదీల కథలు విని విని ఆయన ఒక నిర్ణయానికొచ్చారు. వీళ్లలో చాలామందిని ఇక్కడికి ఈడ్చుకొచ్చింది చదువు లేకపోవడమే, బయటికెళ్లాక పెద్దవాళ్లకు అక్షరం నేర్పాలి అని. చదువుకున్న దొంగలు లేరా అని మనం ఎదురడగొచ్చు. నాకూ ఆ వాదన మరీ సూటిగా ఉందనిపిస్తుంది. కానీ ఆయన దాన్ని జైల్లో వదిలి రాలేదు. విడుదలై వచ్చేసరికి, రాజద్రోహం కేసు మనిషిని ఇంట్లోకి రమ్మనడానికి తెలిసినవాళ్లే జంకారు. ఆయన మద్రాసు చేరి, చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావు గారి దగ్గర, తర్వాత ఆంధ్రపత్రికలో పనిచేస్తూ, వయోజన విద్యనూ గ్రంథాలయాలనూ చివరిదాకా పట్టుకునే ఉన్నారు. చదవడం నేర్చినవాడికి చదవడానికి ఏదో ఒకటి దొరక్కపోతే నాలుగు నెలల్లో మళ్లీ వేలిముద్రే గదా. రెండు పనులూ ఆయనకు ఒకటే.

1914 ఏప్రిల్ 10న బెజవాడలో గ్రంథాలయాల ప్రతినిధుల తొలి మహాసభ జరిగింది. ఊళ్లలో ఎవరికి వారు పెట్టుకున్న పఠన మందిరాల వాళ్లను ఒకచోటికి చేర్చింది అయ్యంకి వెంకటరమణయ్య అనే యువకుడు. అధ్యక్ష పీఠంలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారు. చిన్నప్పటి నుంచీ చూపు సరిగా లేని మనిషి, ఎవరో చదివి పెడితే వినాలి, తాను చెబుతుంటే ఎవరో రాసుకోవాలి. గ్రంథాలయోద్యమానికి మొదటి సభలో పెద్దగా కూర్చున్నది ఆయన. ఒక పుస్తకం మరొకరి గొంతు మీదుగా తన దాకా వస్తే దాని విలువ ఏమిటో ఆ సభలో ఆయనకంటే బాగా తెలిసినవాళ్లు ఉండరు.

సభలో ఉత్సాహానికేం లోటు లేదు. లోటల్లా డబ్బుకే. గ్రంథాలయం అంటే ఊళ్లో ఉదారులు ఇచ్చే చందా, పెళ్లిళ్లలో వచ్చే కట్నం, ఎవరో వదిలేసిన వసారా. ఇచ్చేవాళ్లున్న ఊళ్లో అది బతికింది. ఉమ్మడి ప్రకాశం జిల్లాకే తూర్పు కొసన వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం సంగతి చూడండి. 1929లో గాంధీజీ చేతుల మీదుగా భవనానికి శంకుస్థాపన జరిగింది. పాత పత్రికల కోసం ఇప్పటికీ పరిశోధకులు అక్కడికే వెళతారు. కృష్ణా డెల్టాలో అయితే 1935లో పాతూరి నాగభూషణం గారు పుస్తకాల్ని పడవకెక్కించి కాలువ వెంట ఊరూరా తిప్పారు. గట్టు మీద జనం ఎదురుచూసేవారు.

మరి నల్లమల కింద, పడమటి పల్లెల్లో? కాలువ లేని చోటికి పడవ ఎలా వస్తుంది? కంభం చెరువు కింద నాలుగు ఊళ్లు మినహా తక్కిన నేలంతా వాన మొహం చూసేదే. వెలిగొండ ప్రాజెక్టు నీళ్ల కోసం ఏళ్లుగా ఎదురుచూస్తూ వచ్చిన ప్రాంతమిది. మిగులు ఉన్న చోట దాతలు ఉంటారు, దాతలున్న చోట గ్రంథాలయాలు వెలిశాయి. ఉద్యమం మీద ఎంత గౌరవం ఉన్నా ఈ మాట చెప్పక తప్పదు. దానధర్మాల మీద నడిచినంత కాలం పుస్తకం కూడా తడి నేల వెంటే పోయింది.

ఇంకో సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. దేశంలో ఎన్నో బడుల్లో పిల్లలు మార్కాపురం రాతి పలక మీద అక్షరాలు దిద్దారు. ఆ పలకల్ని కోసి, నున్నగా రుద్ది, చెక్క చట్రం బిగించిన చేతుల్లో చాలా చేతులు బడి మొహం చూడని పిల్లలవి. 1987లో కేంద్రం బాల కార్మిక విధానం ప్రకటించి, ముందుగా పనిచేయాల్సిన చోట్లను ఎంచినప్పుడు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాద్ గాజుల సరసన మార్కాపురం పలకల పరిశ్రమ పేరూ ఉంది. అప్పటి పిల్లలకు ఇప్పుడు యాభై అటూ ఇటూగా ఉంటాయి. గాడిచర్ల వేలూరులో అనుకున్న పెద్దల చదువు ఎవరికి కావాలో వెతకడానికి దూరం పోనక్కర్లేదు.

దానం మీద ఆధారపడితే లాభం లేదని ఇతర దేశాలు ముందే గ్రహించాయి. ఇంగ్లండులో 1850 చట్టం పట్టణాలకు పౌనుకు అర పెన్నీ పన్నుతో గ్రంథాలయం పెట్టుకునే వీలిచ్చింది. అయిదేళ్లకు దాన్ని పెన్నీ చేశారు. మన దగ్గర బరోడా మహారాజు సయాజీరావు గైక్వాడ్ 1910లో అమెరికా నుంచి బోర్డెన్ అనే నిపుణుణ్ణి రప్పించి ఊరూరా గ్రంథాలయాలు పెట్టించాడు. అక్కడి పద్ధతి నాకు బాగా నచ్చుతుంది. ఊరు ఒక వంతు పోగుచేస్తే, ప్రాంత పంచాయతీ ఒక వంతు, సర్కారు ఒక వంతు కలిపేవి. బీద ఊరు తన వంతు చిన్నదైనా వేసింది కాబట్టి మిగతా రెండు వంతులు గట్టిగా అడగగలిగేది.

మద్రాసు రాష్ట్రంలో 1933లోనే గ్రంథాలయ బిల్లు ఒకటి శాసన మండలికి వచ్చింది, గట్టెక్కలేదు. స్వాతంత్ర్యం వచ్చాక 1948లో గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ కృషి ఫలించి చట్టమైంది. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఆరు దమ్మిడీలు, అంటే సుమారు మూడు పైసలు, గ్రంథాలయ పన్ను. మార్కాపురం ఇంటి యజమాని ఆ లెక్కన కట్టిన పైసలు కర్నూలు ఖాతాకు పోయాయి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మద్రాసు చట్టాన్నీ 1955 నాటి హైదరాబాద్ చట్టాన్నీ కలిపి కొత్త చట్టం రాశారు. అది 1960 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. గాడిచర్ల దాన్ని చూడలేదు. ఆ ఏడాది ఫిబ్రవరి 29న ఆయన కన్నుమూశారు. నెల రోజుల తేడా.

ఆ చట్టం ప్రకారం ఇప్పుడు పన్ను రూపాయికి ఎనిమిది పైసలు. మున్సిపాలిటీ గానీ పంచాయతీ గానీ ఇంటి పన్నుతో కలిపి వసూలు చేసి, జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాలి. 1970లో ఒంగోలు జిల్లా (తర్వాత ప్రకాశం) పుట్టాక పడమటి తాలూకాల డబ్బు దారి కర్నూలు నుంచి ఒంగోలుకు మళ్లింది. మార్కాపురం జిల్లా కావాలని ఏళ్ల తరబడి కోరారు. గీత ఎక్కడ గీసినా ఎనిమిది పైసలు ఎనిమిది పైసలే.

ఇక ఇప్పటి సంగతి. కింది మాటలు ఏ ఒక్క ఊరివీ కావు, నాలుగు చోట్ల వినపడేవాటిని ఒకచోట పెడుతున్నాను. పన్ను కౌంటరు ముందు ఒక పెద్దాయన రశీదును మొహానికి దగ్గరగా పెట్టుకుని చూస్తున్నాడు.

“ఇదేంది సార్, లైబ్రరీ సెస్సు అంటుండాది? మా ఇంట్లో ఎవురూ లైబ్రరీకి పోరు గదా.”

“అందరికీ ఉంటది పెద్దాయనా. చట్టం.”

“సర్లే, కడతా. ఆడ ఫ్యాన్ తిరగడంలేదని మా మనవడు చెప్తాండాడు. మరి ఈ డబ్బులు యాడికి పోతాండాయి?”

“ఆ సంగతి మమ్మల్నడిగితే ఎట్లా? లైబ్రరీ వాళ్లనడుగు.”

లైబ్రరీలో అడిగితే, “మాకు పైనుంచి రావాలి తాతా, పైవాళ్లకు మున్సిపాలిటీ నుంచి రావాలి” అని జవాబు. పెద్దాయన తిరిగి తిరిగి బయల్దేరిన చోటికే వచ్చాడు.

స్థానిక సంస్థలు గ్రంథాలయ పన్ను బకాయి పడ్డాయన్న వార్త రాష్ట్రంలో ఏదో ఒక జిల్లా నుంచి తరచూ వస్తూనే ఉంటుంది. వసూలైన డబ్బు నీటి మోటారు మరమ్మతుకో, కరెంటు బిల్లుకో పోతుంది. అవీ అవసరాలే, కాదనను. కాకపోతే ఆ సొమ్ము వాళ్లది కాదు. సిబ్బంది జీతాలు ప్రభుత్వ గ్రాంటు నుంచి వస్తాయి గనక, ఈ పైసలు ఆగితే ఆగిపోయేవి కొత్త పుస్తకాలు, పత్రికలు, బల్లలు, భవనం.

సాయంత్రం నాలుగు గంటలకు ఏ శాఖా గ్రంథాలయానికైనా వెళ్లి చూడండి. ముందు గదిలో పేపరును రెండు ముక్కలు చేసి పంచుకుని చదివే పెద్దలు. లోపల గోడవారగా డీఎస్సీకో, గ్రూప్స్‌కో, కానిస్టేబుల్ పరీక్షకో చదివే పిల్లలు. వాళ్ల ముందున్న పుస్తకాల్లో గ్రంథాలయం ముద్ర ఉన్నవి తక్కువ, సొంతంగా కొన్నవీ జిరాక్స్ తీయించినవీ ఎక్కువ. వాళ్లు వచ్చేది కుర్చీ కోసం, నిశ్శబ్దం కోసం. అదీ పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా, మళ్లీ నాలుగు నుంచి ఏడు దాకా. మధ్యాహ్నం తాళం. శుక్రవారం సెలవు. ఎండాకాలం ఇంట్లో రేకుల కింద కూర్చోలేని పిల్లకు సరిగ్గా ఆ అయిదు గంటలే కావాలి. దానికి కొత్త భవనం అక్కర్లేదు, ఇంకొక మనిషి జీతమూ, నీళ్ల సీసా నింపుకునే కుళాయీ, ఆడపిల్లలకు గడియ ఉన్న మరుగుదొడ్డీ చాలు. పెద్ద పథకాల శంకుస్థాపన ఫలకాల కంటే ఇవే ముందని నా పట్టుదల.

బకాయిలు మొత్తం వచ్చినా పడమటికి చిక్కు తీరదు. పన్ను ఇంటి విలువను బట్టి ఉంటుంది. అర్ధ సంవత్సరానికి 2,000 కట్టే డాబా నుంచి గ్రంథాలయానికి 160 రూపాయలొస్తే, 200 కట్టే బండల మిద్దె నుంచి వచ్చేది 16. ఇళ్లు చౌకైన చోట పుస్తకాలూ తక్కువ, కావలసిన పిల్లలు మాత్రం ఎక్కువ. జిల్లా మొత్తం సొమ్మును ఒకచోట పోసి పంచే ఏర్పాటు ఉన్నది ఈ ఎగుడుదిగుడు సర్దడానికే అయి ఉండాలి. పంచేటప్పుడు ఏ మండలానికి ఎంత అన్నది గోడకు అంటిస్తే సగం అనుమానాలు అక్కడే పోతాయి. బరోడా మూడు వంతుల పద్ధతిని వెనకబడ్డ మండలాలకు కలిపితే ఇంకా మేలు.

నవంబరు 14 నుంచి వారం రోజులు గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ముగ్గుల పోటీలు, వ్యాసరచన, బహుమతులు. 1919లో అదే నవంబరు 14న మద్రాసులో అఖిల భారత గ్రంథాలయ మహాసభ జరిగింది, అయ్యంకి వాళ్లు నడిపినది. ఈసారి వ్యాసరచన పోటీకి బదులు పిల్లల చేత ఒక దరఖాస్తు రాయిస్తే బాగుంటుంది. సమాచార హక్కు చట్టం కింద మూడు ప్రశ్నలు: గత మూడేళ్లలో మన ఊళ్లో గ్రంథాలయ పన్ను ఎంత వసూలైంది, అందులో జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేసింది ఎంత, ఏ తేదీల్లో? మున్సిపాలిటీకైతే రుసుము పది రూపాయలు, గ్రామ పంచాయతీకి అదీ లేదు. 30 రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలి.