మొగదిషు (2008 సినిమా)

'మొగదిషు' జర్మనీలో టెలివిజన్ కోసం తీసిన చిత్రం. 1977 నాటి లుఫ్తాన్సా విమాన హైజాక్ దీని కథ. దర్శకుడు రోలాండ్ సూసో రిష్టర్. కెప్టెన్ యుర్గెన్ షూమన్‌గా థామస్ క్రెచ్‌మన్, ఎయిర్‌హోస్టెస్ గాబ్రియేలె డిల్మన్‌గా నాద్యా ఊల్ నటించారు. 2008 నవంబరు 30న ఏఆర్‌డీ టీవీ ఛానెల్‌లో ప్రసారమైంది.

1977 అక్టోబరు 13న మయోర్కా నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు బయల్దేరిన 'లాండ్స్‌హుట్' అనే బోయింగ్ 737ను నలుగురు పాలస్తీనా సాయుధులు చేజిక్కించుకున్నారు. ప్రయాణికులు 86 మంది, సిబ్బంది ఐదుగురు. జర్మన్ జైళ్లలోని రెడ్ ఆర్మీ ఫ్యాక్షన్ అనే వామపక్ష తీవ్రవాద ముఠా ఖైదీలను వదలాలన్నది వాళ్ల ప్రధాన డిమాండు. విమానం రోమ్, లార్నకా, బహ్రెయిన్‌ల మీదుగా దుబాయ్ చేరింది. హైజాకర్లు ఎంతమందో షూమన్ అక్కడ గుట్టుగా బయటికి చేరవేశాడు. ఆ సంగతి ఓ మంత్రి విలేఖరుల ముందు బయటపెట్టేశాడు. అది హైజాకర్ల చెవిన పడింది. కెప్టెన్‌కు అప్పటినుంచే ప్రాణగండం.

అక్టోబరు 16. విమానం దుబాయ్ నుంచి యెమెన్‌లోని ఏడెన్ చేరేసరికి, అక్కడ రన్‌వేలకు అడ్డంగా సైనిక వాహనాలు నిలబెట్టారు. ట్యాంకుల్లో ఇంధనం అడుగంటింది, ఇంకెక్కడికీ వెళ్లే దారి లేదు. షూమన్, కోపైలట్ యుర్గెన్ ఫీటోర్ కలిసి విమానాన్ని రన్‌వే పక్కనున్న ఇసుకలో దించారు. చక్రాలు దెబ్బతిన్నాయేమో చూసొస్తానని కెప్టెన్ కిందికి దిగాడు. చాలాసేపు రాలేదు. పారిపోయే వీలున్నా తిరిగొచ్చాడు. హైజాకర్ల నాయకుడు ఆయన్ను నడవాలో మోకాళ్ల మీద నిలబెట్టి, ప్రయాణికుల కళ్లెదుటే తలలో కాల్చాడు. అప్పటికి ఆయన వయసు 37. విమానం దిగి బయట ఉన్న ఆ సమయంలో ఆయన ఏం చేశాడన్నది ఏళ్ల తరబడి తేలని ప్రశ్న. విమానాన్ని మళ్లీ ఎగరనివ్వొద్దని యెమెన్ అధికారులను బతిమాలాడని చిత్ర రచయిత మౌరిస్ ఫిలిప్ రేమీ తన పరిశోధన ఆధారంగా చూపించాడు.

మర్నాడు ఫీటోర్ ఒక్కడే విమానాన్ని సోమాలియా రాజధాని మొగదిషుకు నడిపాడు. 18 తెల్లవారకముందే జర్మనీ జీఎస్‌జీ-9 కమాండోలు మెరుపుదాడి చేసి ప్రయాణికులందరినీ విడిపించారు. ముగ్గురు హైజాకర్లు చనిపోయారు.

పేరు మొగదిషుదే అయినా సినిమా ప్రాణమంతా ఏడెన్ ఇసుకలోనే ఉంది. కమాండోల విజయం కన్నా, కెప్టెన్ విమానం మెట్లెక్కి వెనక్కి రావడమే గుర్తుండిపోతుంది. విమాన హైజాక్ మీదే వచ్చిన మన హిందీ సినిమా 'నీర్జా' చూసినవారికి ఈ బరువు కొత్తేమీ కాదు.

హైజాక్ తర్వాత కూడా ఏళ్ల తరబడి ఎగిరిన అసలు 'లాండ్స్‌హుట్' చివరికి బ్రెజిల్‌లోని ఫోర్తలేజా విమానాశ్రయంలో మూలన పడింది. 2017 సెప్టెంబరులో దాన్ని భాగాలుగా విడదీసి జర్మనీలోని ఫ్రీడ్రిష్‌హాఫెన్‌కు తెచ్చారు.