కాలువగట్టు బాటలు - సైకిలు ప్రయాణములు

మన గ్రంథాలయమునకు ఇరువదియైదు వత్సరములు నిండిన ఈ శుభ సమయమున వెలువడుచున్న సంచికలో పుస్తకములను గూర్చియు, పుస్తకదాతలను గూర్చియు వ్రాయువారు పెక్కురు కలరు. నేను వ్రాయబూనినది బాటలను గూర్చి. అందును కాలువగట్టు బాటలను గూర్చి, వానిపై సాగు సైకిలును గూర్చి. గ్రంథాలయ సంచికలో సైకిలున కేమి పని యని పాఠకులు శంకింపవచ్చును. పుస్తకము తనంతట తాను నడచి రాదు. దాని నెవరో ఒకరు, ఏదో ఒక బాటవెంట మోసి తేవలసియుండెను. ఆ బాటల చరిత్రయు గ్రంథాలయ చరిత్రలో భాగమే యని నా అభిప్రాయము.

తెలుగుదేశమున కాలువగట్టు బాట విస్తారముగా ఏర్పడినది డెల్టా సీమలందు. కాటన్ దొర పూనికచే గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1847-1852 సంవత్సరముల మధ్యను, తరువాత కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1852-1855 సంవత్సరముల మధ్యను నిర్మింపబడెను. ఆ ఆనకట్టల నుండి త్రవ్విన కాలువలు పైరులకు నీరిచ్చుటకే గాక పడవలు నడచుటకును పనికివచ్చెను. గాలి అనుకూలించినపుడు చాప ఎత్తెడివారు; లేనిచో గెడ వేసెడివారు; ఎదురునీటిలో పోవలసినపుడు పడవకు త్రాడు కట్టి, గట్టున నడచుచు మనుష్యులే లాగెడివారు. ఆ లాగువారి పాదముల క్రింద అరిగి గట్టిపడినదే ఆ బాట. కోస్తా వెంట సాగి మద్రాసును దాటిపోవు బకింగ్‌హాం కాలువ గట్టులును ఇట్టివే. ఆ కాలువలో కొంత భాగము 1876-78 నాటి ధాత కరువు కాలమున కరువుపనిగా త్రవ్వబడినది. అన్నము లేనివారు త్రవ్విన కాలువ వెంట, బరువు లాగువారు వేసిన బాట యది.

ఆ కాలువలే ఒకనాడు పుస్తకములను గూడ మోసినవి. 1935లో గుంటూరు మండలమున పాతూరి నాగభూషణము గారు పడవపై గ్రంథాలయము నెలకొల్పి, కాలువ యొడ్డు గ్రామముల వారికి పుస్తకములు అందించిరి. గ్రంథాలయోద్యమ చరిత్రలో అది ముచ్చటైన ఘట్టము.

మన నల్లగొండ, పాలమూరు సీమలకు అట్టి పడవ కాలువలు లేవు. ఇది మెట్టదేశము. రాతిగుట్టలు, ఎఱ్ఱచెలకలు, ఎగుడుదిగుడు నేలలు. నీటికి చెరువే దిక్కు. కావున ఇచ్చట గట్టు అనగా మొదట చెరువుకట్టయే. నల్లగొండకు సమీపమున పానగల్లు చెంత కందూరు చోడులనాటి ఉదయసముద్రము కట్టయే ఇందులకు సాక్ష్యము. ఇట్టి కట్టలమీదనే బండ్లును, బాటసారులును, సంతకు పోవువారును నడచిరి. పుస్తకములు మోసినవారును అట్లే కాలినడకను, బండ్లమీదను తిరిగిరి. 1918లో నల్లగొండలో ఆంధ్ర సరస్వతీ గ్రంథాలయము వెలసెను. ఈ జిల్లావాడైన వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను తానే మోసికొని ఊరూర తిరిగి విక్రయించెను. డెల్టాలో పడవ చేసిన పనిని ఇచ్చట మనుష్యుని భుజమే చేసెను.

నదీజలముల కాలువలు మన మెట్టదేశమునకు ఆలస్యముగా వచ్చినవి. మూసీనది నుండి తీసిన ఆసఫ్ నహరు నిజాము పాలనాకాలము నాటిది. దిండి వాగుపై జలాశయము 1940 దశకమున వెలసెను. వనపర్తి సీమలో సైఫను పద్ధతిపై కట్టిన సరళాసాగరము 1959లో ప్రారంభమయ్యెను. తుంగభద్రపై రాజోలిబండ ఆనకట్ట నుండి వచ్చు కాలువ సుమారు 143 కిలోమీటర్లు సాగి గద్వాల, అలంపురము ప్రాంతములకు చేరుచున్నది. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10వ తేదీన పండిత నెహ్రూ శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన శ్రీమతి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదలిరి. ఎడమ కాలువకు లాల్‌బహదూరు శాస్త్రి పేరు పెట్టబడెను. ఇటీవలి కాలమున పుట్టంగండి వద్ద నీటిని ఎత్తి అక్కంపల్లి జలాశయమునకును, ఎల్లూరు వద్ద ఎత్తి కల్వకుర్తి ప్రాంతమునకును తరలించుచున్నారు. ఫ్లోరైడు నీటితో తరతరములుగా ఎముకలు వంగిన పల్లెలున్న జిల్లాకు ఈ కాలువలు ఎంతటి భాగ్యమో వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ కాలువలు పడవలకై త్రవ్వినవి కావు. అయినను వీని గట్లపై బాటలు కలవు. తూములను, షట్టర్లను, గండ్లను కనిపెట్టుటకై జీపు పోవునంత వెడల్పున ఒక గట్టున తనిఖీ బాట వేయుదురు. ఇంజనీర్లు జీపులలో అప్పుడప్పుడు వచ్చిపోయిరి గాని, నిత్యము ఆ బాటను వాడినవాడు లష్కరు. రేయింబవళ్లు నీటిమట్టమును చూచుచు, ఏ ఎలుకబొరియ నుండి నీరు ఊరుచున్నదో కనిపెట్టుచు తిరుగు ఆ చిరుద్యోగియే మన గట్లకు అసలైన కాపరి. డెల్టా గట్టుబాట పడవ లాగువానిది. మన గట్టుబాట లష్కరుది.

ఇక సైకిలు సంగతి. 1817లో జర్మనీ దేశమున కారల్ డ్రైస్ అనునతడు రెండు చక్రముల బండి నొకటి చేసి, నేలను కాళ్లతో తన్నుచు నడిపెను. దానికి పెడళ్లు తరువాత వచ్చెను. 1885లో ఇంగ్లాండున స్టార్లీ అనునతడు రెండు చక్రములను సమానముగా చేసి, చైనుతో వెనుక చక్రమును త్రిప్పు సైకిలును తయారుచేసెను. 1888లో డన్‌లప్ గాలి టైరును కల్పించెను. మన దేశమునకు మొదట సీమ సైకిళ్లే దిగుమతియై వచ్చుచుండెడివి; ధనికులకే అవి అందెడివి. స్వాతంత్ర్యానంతరము 1950 దశకమున మద్రాసు చెంత అంబత్తూరులోను, సోనీపట్టులోను, లూధియానాలోను కర్మాగారములు పనిచేయసాగిన పిమ్మట సైకిలు క్రమముగా పల్లె కందినది. అద్దె సైకిళ్ల దుకాణములు వెలసినవి. తపాలా బంట్రోతు, పాలవాడు, బట్టలమూట కట్టుకొని సంతకు పోవు సాలె, దూరపు బడికి పోవు విద్యార్థి, అందరును దానినే నమ్ముకొనిరి. పిల్లలు సీటు అందక, బారు క్రిందుగా కాలు దూర్చి తొక్కుటయు అందరెరిగినదే. తమిళనాట పుదుక్కోట జిల్లాలో 1991 ప్రాంతమున జరిగిన అక్షరాస్యతా ఉద్యమమున, చదువుతోపాటు సైకిలు తొక్కుటయు స్త్రీలకు నేర్పిరి. వేలకొలది స్త్రీలు పరుల తోడు లేకయే పనికిని, సంతకును, బడికిని పోగలిగిరి. అక్షరమును సైకిలును అచ్చట జంటగా నడచినవి.

సైకిలుకును కాలువగట్టుకును గల చుట్టరికము నేలవాలులో నున్నది. నీరు పల్లమెరుగును గాని, ఇంజనీరు దానిని వేగముగా పల్లమునకు పోనీయడు. ప్రధాన కాలువకు మైలునకు కొన్ని అంగుళముల వాలు మాత్రమే ఇచ్చి, గుట్టల చుట్టు త్రిప్పి, ఎత్తును కాపాడుకొనుచు తీసికొనిపోవును. అందుచేత చుట్టునున్న నేల ఎంత ఎగుడుదిగుడైనను గట్టుబాట ఇంచుమించు సమముగా నుండును. రహదారిపై మిట్ట యెక్కలేక సైకిలు దిగి నడపించువాడు కూడ గట్టుపై అలవోకగా పదిమైళ్లు పోగలడు. ఒకవైపు నీరు, ఒకవైపు వరిమళ్లు, నడుమ లకుముకిపిట్టలు, కొంగలు. బతుకమ్మ పండుగ నాటికి చెలకల గట్లపై తంగేడు, గునుగు పూలు. లారీల రొద లేదు, దుమ్ము లేదు. ఫ్రాన్సు దేశమున 1681లో పూర్తియైన మిడీ కాలువ వెంట ఒకప్పుడు గుర్రములు పడవలను లాగిన బాటపై నేడు దేశదేశముల వారు సైకిలు యాత్రలు చేయుచున్నారు. మనకు అట్టి బాట లేకపోలేదు. దానిని యాత్రామార్గముగా చూచు కన్ను లేదు.

ఆ కన్ను ఇప్పుడు ఎక్కువ అవసరమైనది. హైదరాబాదు-విజయవాడ రహదారియు, హైదరాబాదు-బెంగుళూరు రహదారియు మన సీమల నడుమనుండి పోవుచున్నవి. వానిపై సైకిలు త్రొక్కుట ప్రాణములతో చెలగాటమే. హైదరాబాదు వెలుపలి వలయ రహదారి చెంత 2023లో 23 కిలోమీటర్ల సైకిలు బాటను పైకప్పుపై సౌరపలకలతో ప్రత్యేకముగా నిర్మించిరి. పట్టణమున కోరి కట్టుకొనుచున్న వస్తువు పల్లెలో ఉండియు పాడగుచున్నది. గట్లను సర్కారుతుమ్మ కమ్ముచున్నది. కొన్నిచోట్ల మట్టిని తవ్వుకొనిపోవుచున్నారు. లష్కరుల సంఖ్య తగ్గినది. దాని ఫలము ఎట్టిదో 2022 సెప్టెంబరులో నిడమనూరు చెంత ఎడమ కాలువకు గండి పడి పొలములు మునిగినపుడు కన్నులార చూచితిమి. 2019 డిసెంబరు 31న సరళాసాగరము కట్టయు తెగినది. ఈ రెండింటికి కారణములు నిపుణులు నిర్ణయింపవలసినవే. కాని మనుష్యులు నిత్యము నడచు గట్టున చిన్న ఊట సైతము కంటబడును, ఎవరును పోని గట్టున గండి పడువరకు తెలియదు. ఈ మాట రైతుల కందరకు తెలిసినదే.

మరియొక ఋణము కలదు. పాలమూరు కూలీలు అను మాట దేశమంతట వినబడును. మేస్త్రీ ఇచ్చిన ముందస్తు సొమ్ముకు కట్టుబడి, ఇల్లు వాకిలి విడిచి, గడ్డపార, తట్ట పట్టుకొని ఎన్నెన్ని ఆనకట్టలకో, కాలువలకో వారు మట్టి మోసిరి. స్త్రీలు చంకబిడ్డలను గట్టున పరుండబెట్టి తట్టలెత్తిరి. వారు త్రవ్విన కాలువలు పరసీమలను తడిపినవి. వారి చెలకలు చాలకాలము ఎండియే యున్నవి. గట్టుబాటపై విహరించువారు ఈ సంగతి మరువరాదు. మన గ్రామమున అట్టి వలస పనులకు పోయివచ్చిన వృద్ధులు ఇంకను కొందరు కలరు. ఏ కాలువపై పనిచేసిరో, ఎంత కూలి వచ్చెనో, ఎచ్చట గుడిసె వేసికొనిరో వారు చెప్పగా వ్రాసి యుంచినవారు లేరు.

కావున మన గ్రంథాలయ సభ్యులకు, ముఖ్యముగా యువకులకు, యువతులకు, రెండు విన్నపములు. సెలవుదినములలో నలుగురైదుగురు కూడి సైకిళ్లపై గట్టుబాటలవెంట పోయి రండు. పానగల్లు ఆలయములు, అలంపురమున బాదామి చాళుక్యుల నాటి నవబ్రహ్మాలయములు, సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱి గుడులు, ఇవన్నియు నీటిచెంతనే యున్నవి. గట్టు నీటిపారుదల శాఖ వారిది. అనుమతి లేనిచోట పోరాదు, తూములను ముట్టరాదు. సిమెంటు పూత వేసిన కాలువ జారుడు గలది, దిగినవాడు పైకి రాజాలడు. కావున స్నానమునకు దిగవలదు. గాలిపంపు, పంక్చరు సామాను, త్రాగునీరు వెంట నుండవలెను. తుమ్మముల్లు ఎవరిని విడువదు.

రెండవది: పోయివచ్చిన ప్రతిసారియు గ్రంథాలయమున నుంచిన పుస్తకములో వ్రాయుడు. ఏ బాట బాగున్నది, ఎచ్చట గట్టు కోసుకొనిపోయినది, ఎచ్చట నీరు ఊరుచున్నది, ఏ గ్రామమున ఏ వృద్ధురాలు తట్ట మోసిన కథ చెప్పినది, అన్నియు తేదీలతో వ్రాయుడు. గండి జాడను వెంటనే శాఖవారికి తెలుపుడు. తిరిగివచ్చునపుడు క్యారియరుపై పుస్తకములు పెట్టుకొని, గట్టువెంట గ్రంథాలయము లేని పల్లెలలో చదువగోరువారికి ఇచ్చి రండు. మొదటి నోటుపుస్తకమును, అందు వ్రాయుటకు కలమును ఈ రజతోత్సవమునాడే గ్రంథపాలకుని బల్లపై ఉంచునట్లు కార్యవర్గము వారిని ప్రార్థించుచున్నాను.